కయ్యల్లో మార్పు చేప ఏమైంది?

ప్రశ్న: అయ్యా, మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. మా నాయన సేద్యం చేసే రోజుల్లో కొత్త నీళ్లకి మార్పు చేపలు వరి కయ్యల్లోకి, అంటే మడుల్లోకి ఎక్కేవి. చేపలు పట్టే ఊత బుట్టలు తీసుకొని పిల్లలమంతా పరిగెత్తేవాళ్లం. ఇప్పుడు మా పిల్లోడికి చూపిద్దామంటే ఒక్కటి కూడా కనపడదు. సంతలో మాత్రం ‘మార్పు’ అంటూ మూడేసి కిలోల చేపలు అమ్ముతున్నారు. రెండూ ఒకటేనా? చేపపిల్లల్ని తెచ్చి చెరువులో వదిలితే మళ్లీ పెరుగుతాయా?
– ఒక రైతు

జవాబు: ముందు సంతలో చేప సంగతి చెప్తాను. మూడు కిలోలు తూగితే అది మన మార్పు కాదు, ఆఫ్రికా క్యాట్‌ఫిష్. దాని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా గట్టిగా ఆదేశాలిచ్చింది. అయినా కోళ్ల వ్యర్థాలు మేపి దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. మీసాలు చూసి పోల్చుకోవాలంటే కుదరదు, రెండింటికీ నాలుగేసి జతలుంటాయి. బరువు చూడండి, ఒళ్లు చూడండి. మన మార్పు కిలో తూగిందంటే పెద్ద చేప కింద లెక్క. ఆఫ్రికాది ఎదిగిందంటే ఒంటి మీద బూడిదరంగు మచ్చలు కలగాపులగంగా తేలతాయి, తల వెడల్పుగా, మొరటుగా ఉంటుంది.

ఇక మన చేప. నేను మత్స్యశాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఎక్కువగా పెన్నా డెల్టాలోనే గడిచింది. ఇంత గట్టి ప్రాణమున్న చేపను నేను మరొకదాన్ని చూడలేదు. ఈసారి అసలైన మార్పు దొరికితే, కోసేటప్పుడు మొప్ప మూత ఎత్తి లోపల చూడండి. మొప్పల పైన ఎర్రగా, కొమ్మలు కొమ్మలుగా చీలిన గుత్తి ఒకటి కనపడుతుంది. దానితోనే అది పైకొచ్చి గాలి పీలుస్తుంది. అందుకే నీళ్లింకిపోయిన బురదలో కూడా బతుకుతుంది. చేపలమ్మే ఆవిడ తడి గోనె కప్పి పొద్దున తెచ్చిన మార్పు మధ్యాహ్నానికీ బుట్టలో కొట్టుకుంటూనే ఉండేది. మా ఇంట్లో జ్వరం తగ్గినవాళ్లకి మొదట పెట్టే నీసు ఇదే. మా అమ్మ దాన్ని బూడిదలో పొర్లించి, జిగురు పోయేదాకా బండకేసి తోమేది.

అలాంటి చేపను ఈ రోజు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ‘అంతరించే ప్రమాదంలో ఉన్నవి’ అనే వరసలో చేర్చారు. దానికి ముప్పంతా గుడ్లు పెట్టే చోట వచ్చింది.

మార్పు చెరువు నడుమ లోతు నీళ్లలో గుడ్లు పెట్టదు. కొత్త నీరు కదలగానే గుంటల్లోంచి, చెరువుల్లోంచి పిల్ల కాలువల వెంట పైకొస్తుంది. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో, గెనెం (పొలం గట్టు) వారన మెత్తటి మట్టిలో గుంత చేసుకుని అందులో గుడ్లు పెడుతుంది. గడ్డి వేళ్లకి అంటుకుని ఉంటాయవి. మగది అక్కడే కాపలా కాస్తుంది. గుడ్లు ఒక్క రోజులో, కొంచెం అటూ ఇటూగా పొదుగుతాయి. కానీ పిల్లలకి గాలి పీల్చే గుత్తి తయారయ్యేసరికి మరో పది పన్నెండు రోజులు పడుతుంది. అందాకా అవి కూడా మామూలు చేపపిల్లలే. నీరు చెడిపోయినా, ఆరిపోయినా చచ్చిపోతాయి.

ఆ రెండు వారాల నీళ్లు మనం మిగల్చలేదు. మొలగొలుకుల వరి వేసే కాలంలో పైరు నెలల తరబడి కయ్యలో ఉండేది, దానితోపాటు నీళ్లూ ఉండేవి. కోతలకి నీరు తీసేస్తే చేప పల్లపు మూలనున్న గుంటలోకి దిగేది. ఆ గుంటల్ని పూడ్చి వాటిలోనూ నాట్లు వేసుకున్నాం. కోత మిషను దిగబడుతుందని పొలాన్ని తొందరగా ఆరబెడుతున్నాం. గెనేలు చెక్కీ చెక్కీ బెత్తెడు చేశాం, ఇంక గుంత ఎక్కడ చేసుకుంటుంది? కాలువలకి సిమెంటు వేయడం నీటి పొదుపుకి మంచిదే, కాదనను. కానీ ఆ నిలువు గోడల్లోంచి చేప కయ్యలోకి ఎక్కలేదు. చెరువు లోపలి అంచున జమ్ము, తుంగ పెరిగే పల్లం ఆక్రమణల్లో పోయింది. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు కయ్యల్ని తవ్వి రొయ్యల గుంటలు చేశారు. ఆ ఉప్పు నీళ్లు దీనికి పనికిరావు.

మందుల సంగతి వేరే చెప్పాలి. వరికి వేసే కార్బోఫ్యురాన్ గుళికలు, పైరుకి కొట్టే పైరెత్రాయిడ్ మందులు చేపలకి పచ్చి విషం. మనకి వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పొలాల్లో మందు పనీ, కయ్యల్లో ఈ చేప గుడ్ల పనీ తరచూ ఒకే వారాల్లో పడతాయి. పెంపకం చెరువుల్లో ఇంకో దెబ్బ ఉంది. బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలే ముందు చెరువులో అంతకుముందున్న చేపలు చావాలని ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీయగా మిగిలే పిప్పి) చల్లుతారు. హెక్టారుకి 2,500 కిలోలు మామూలు మోతాదు. అలా చచ్చేవాటిలో మార్పు, కొరమీను, ఇంగిలాయి అన్నీ ఉంటాయి. తాతల నాటి నుంచి ఊరికి తిండి పెట్టిన చేపల్ని ‘కలుపు చేపలు’ అని చంపడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

యానాదులు పట్టి పట్టి తినేయబట్టి పోయిందని నాతో వాదించినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. బురదలో చేత్తో తడిమి పట్టే ఆ మనుషులు తరతరాలుగా పట్టారు, తరతరాలుగా చేపా ఉంది. బ్యాటరీ కరెంటు పెట్టి పిల్లాపెద్దా తేడా లేకుండా చంపేది నిన్నమొన్న వచ్చిన పద్ధతి. దాన్ని మాత్రం ఊరే కలిసి ఆపాలి.

ఇక చేపపిల్లల్ని వదలడం గురించి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ మార్పుకి ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించే పద్ధతిని తయారుచేసింది. ఆడదాని పొట్ట నొక్కి గుడ్లు తీస్తారు. మగదాని నుంచి అలా రాదు, దాన్ని కోసి వృషణాలు బయటికి తీయాలి. ఇంత పని ఉంది కాబట్టి అసలైన మార్పు పిల్ల చవకగా రాదు. రూపాయికీ రెండు రూపాయలకీ ఎవరైనా తెచ్చి ఇస్తామంటే తీసుకోవద్దు. అది ఆఫ్రికాదో, రెంటికీ పుట్టిన సంకరమో అయి ఉంటుంది. ఒక్కసారి కలుజు (చెరువులో మిగులు నీరు పోయే దారి) దాటి కాలువలో పడిందా, వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు. పైగా అసలు పిల్లల్నే తెచ్చినా, గుడ్లు పెట్టే చోటు లేకపోతే వదిలిన చేపలతోనే కథ ముగుస్తుంది.

అందుకని ముందు చోటు చేయండి. మీది కనిగిరి రిజర్వాయరు ఆయకట్టు అయితే నీళ్లకి మరీ కరువు ఉండదు. పొలంలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న మూల నడుం లోతు గుంట ఒకటి తీయండి, ఎండాకాలం కూడా తడి ఆరకూడదు. దాని పక్క గెనేన్ని చెక్కకుండా గడ్డితో వెడల్పుగా వదలండి. కాలువ నుంచి ఆ కయ్యలోకి వచ్చే దారి మట్టితో, వాలుగా ఉండాలి. కొత్త నీరెక్కాక రెండు వారాలు అందులో మందు వేయొద్దు, పై కయ్య మందు నీళ్లు దిగనివ్వొద్దు. పక్క రైతులు ఒకరిద్దరు కలిస్తే ఇంకా మంచిది. చుట్టుపక్కల ఏ పాత గుంటలోనైనా నాలుగు మార్పులు మిగిలి ఉంటే దారి అవే వెతుక్కుంటాయి.

ప్రశ్న: ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, కోవూరు

జవాబు: ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చేతిని అరగంట, గంట ఉంచండి. ముల్లులో ఉండే విషం వేడికి విరిగిపోతుంది, నొప్పి తగ్గుతుంది. ముల్లు విరిగి లోపల ఉండిపోయినా, వాపు పైకి పాకుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మాది గుండ్లకమ్మ ఒడ్డు. మా చిన్నప్పటి పెద్ద వాలుగలు ఇప్పుడు వలలో పడడం లేదు. మల్లవరం దగ్గర రిజర్వాయరు కట్టబట్టేనా?
– ఒక పాఠకుడు, అద్దంకి

జవాబు: కొంతవరకు నిజమే. వాలుగ వరద రోజుల్లో ఎదురెక్కి, నీళ్లు కమ్మిన గడ్డి పల్లాల్లో గుడ్లు పెట్టే చేప. అడ్డంగా కట్టినదాన్ని అది దాటలేదు. కానీ నేను రిజర్వాయరు కంటే ఇసుకనే ఎక్కువ తప్పుపడతాను. ఎండాకాలంలో గుండ్లకమ్మ పారదు, అక్కడక్కడా మడుగులు మాత్రం నిలుస్తాయి. పెద్ద వాలుగ ఆ మడుగుల్లోనే వేసవి దాటాలి. మడుగుకి ఊట వచ్చేది చుట్టూ ఉన్న ఇసుక మేటల్లోంచి. ఆ ఇసుకని లారీల్లో తోలేస్తే మే నెలకి మడుగు ఎండుతుంది, మిగిలిన చేపంతా ఒక్క వలకి వస్తుంది. వాలుగ కూడా ఇప్పుడు ఐయూసీఎన్ జాబితాలో ముప్పున్న జాతే. మీ మత్స్యకారుల సంఘంలో మాట్లాడి, మీ ఊరి దగ్గర లోతైన మడుగు ఒకదాన్ని ఏప్రిల్, మే నెలల్లో వల వేయకుండా వదిలేలా తీర్మానం చేయించండి. దాని చుట్టూ ఇసుక తీయకూడదని పంచాయతీ నుంచి తహసీల్దారుకి కాగితం పెట్టించండి.