పిలుపు అబ్బాయిదా, నానమ్మదా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. తరతరాలుగా కతోలికులం. మా అబ్బాయికి 22 ఏళ్లు, ఇంజనీరింగ్ చివరి ఏడాది. పరీక్షలు కాగానే సెమినరీలో (ఫాదర్లకు శిక్షణనిచ్చే చోట) చేరి గురువును, అంటే ఫాదర్‌ను, అవుతానంటున్నాడు. ఒక్కడే కొడుకు. అమ్మాయి డిగ్రీ చదువుతోంది. రెండు ఇంటర్వ్యూల్లో ఉద్యోగం రాకపోయేసరికి వీడు పారిపోతున్నాడని మావారు వాడితో మాటలు మానేశారు. మా అత్తగారికి మాత్రం పట్టరాని సంతోషం. పసితనంలో వాడు జ్వరంతో చావుబతుకుల మధ్య ఉన్నప్పుడు ‘వీణ్ని దేవుడికే ఇచ్చేస్తాను’ అని ఆవిడ గుణదల మాతకు మొక్కుకున్నారు. ఆ మాట వింటూనే వాడు పెరిగాడు. బ్యాంకులో చదువు అప్పు అలాగే ఉంది. ఇది నిజమైన దైవపిలుపో కాదో ఎలా తెలుస్తుంది? అడ్డుకుంటే పాపమా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీ అత్తగారి మాట, మీవారి మాట, మీ మాట బాగా వినిపించాయి. అబ్బాయిది మాత్రం ఒక్క వాక్యమే. కాబట్టి ముందు అతణ్ని విందాం.

‘ఎందుకు’ అని అడగకండి, ప్రసంగం చెబుతాడు. ‘ఎప్పటి నుంచి’ అని అడగండి. ఈ ఆలోచన ఇంటర్వ్యూలకు ముందే ఉందా, ఆ తరవాత పుట్టిందా? ఒకవేళ రేపే మంచి ఉద్యోగం వస్తే ఏం చేస్తాడు? గురువుల బతుకులో అతణ్ని భయపెట్టేది ఏమిటి? ఏదీ లేదంటే నాకైతే కాస్త అనుమానమే. ఆదివారం పూజాపీఠం దగ్గర తెల్లని వస్త్రాల్లో కనిపించే ఫాదర్ గారిని అందరూ చూస్తారు. సోమవారం ఆయనే స్కూలు ఫీజుల లెక్కలు సరిచూస్తారు, సమాధుల స్థలం తగాదా తీరుస్తారు. అర్ధరాత్రి ఎవరికో ప్రాణం మీదికొస్తే నూనె సీసా జేబులో పెట్టుకుని అభ్యంగనం ఇవ్వడానికి (రోగికి నూనె పూసి ప్రార్థించడానికి) బయలుదేరతారు. తిరిగి వచ్చి, మూత పెట్టి ఉంచిన చల్లారిన అన్నం ఒక్కరే తింటారు. సెలవుల్లో రెండు వారాలు మీ విచారణ (ఒక ఫాదర్ చూసుకునే చర్చి పరిధి) గురువుల దగ్గర ఉండి ఈ పనుల్లో సాయం చేయమనండి. అక్కడి నుంచి ఏ ముఖంతో తిరిగొస్తాడో చూడండి. అది మీకు చాలా సంగతులు చెబుతుంది.

ఇక మొక్కు సంగతి. మొక్కు మొక్కినవారినే తప్ప వేరొకరిని బంధించదని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టమే చెబుతోంది (1983 నాటి చట్టంలో 1193వ నిబంధన). పైగా ఎవరినీ ఏ కారణంతోనూ గురుపట్టానికి బలవంతం చేయకూడదని 1026వ నిబంధన. మీ అత్తగారికి ఇది మీరు చెబితే కోడలి మాటే అవుతుంది, ఫాదర్ గారి చేత చెప్పించండి. ఆవిడ మనసు ఇంకా తేలికపడకపోతే, ఆ మొక్కును సడలించే అధికారం ఆయనకు ఉంది. కావాలంటే ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వెళ్లి ఆవిడే కృతజ్ఞత చెల్లించుకోవచ్చు. ఆ జ్వరం తగ్గించిన డాక్టరు గారికి కూడా ఇందులో కొంత వాటా ఉందనుకోండి, ఆ మాట ఆవిడ దగ్గర అనకండి.

అబ్బాయితో మాత్రం ఈ విషయం విడిగా మాట్లాడండి. ‘నానమ్మ మొక్కుతో నీకు సంబంధం లేదు, నువ్వు వెళ్లకపోతే ఎవరికీ ఏ కీడూ జరగదు’ అని తల్లి నోటితో ఒకసారి స్పష్టంగా వినాలి. తన ప్రాణం ఒకరికి బాకీ ఉన్నట్లు వింటూ పెరిగిన పిల్లవాడికి తన కోరిక ఏదో, తీర్చవలసిన బాకీ ఏదో విడదీసి చూసుకోవడం కష్టం. ఆ మాట విన్నాక కూడా వెళతానంటే ఆ కోరికకు బలం ఉన్నట్లే.

మీవారి అనుమానం తీసిపారేయదగింది కాదు. ఓటమి నుంచి తప్పించుకోవడానికి సెమినరీ తలుపు తట్టేవాళ్లూ ఉంటారు. కానీ మాట్లాడకుండా ఉంటే ఆ విషయం తేలదు, పిల్లవాడికి మొండితనం పెరుగుతుంది. 13వ శతాబ్దంలో, తరవాత గొప్ప క్రైస్తవ పండితుడైన థామస్ అక్వినాస్ డొమినికన్ సభ అనే సన్యాసుల సంఘంలో చేరతానన్నప్పుడు ఇంటివాళ్లు ఆయన్ను పట్టితెచ్చి దాదాపు ఏడాది కోటలో నిర్బంధించారు. విడుదలయ్యాక ఆయన నేరుగా వెళ్లింది ఆ సభకే.

నా ఊహ ఏమిటంటే, మీవారి మౌనం వెనక డబ్బు ఉంది. చదువు అప్పు, అమ్మాయి పెళ్లి, రేపటి ముసలితనం. దేవుడి మాట దగ్గర డబ్బు మాట ఎత్తడానికి ఆయనకు సిగ్గుగా ఉండవచ్చు. సిగ్గుపడనక్కరలేదు. తీర్చలేని అప్పులున్నవారిని మఠ సభల్లోకి (సన్యాసుల సంఘాల్లోకి) తీసుకోకూడదని శ్రీసభ చట్టంలోనే ఉంది. అందుకని, ఏడాదో రెండేళ్లో ఏదైనా ఉద్యోగం చేసి అప్పు తీర్చి వెళ్లమనడం న్యాయమైన కోరిక. జీతం తెచ్చుకోవడం, పై అధికారి చేత మాట పడటం తెలిసినవాడు రేపు విచారణలో కూలివాళ్ల కష్టం త్వరగా అర్థం చేసుకుంటాడు కూడా. అలాగే అతను చేరాలనుకుంటున్నది మేత్రాసనంలోనా (ఒక బిషప్ గారి పరిధిలోనా), ఏదైనా మఠ సభలోనా అని తప్పకుండా అడగండి. మఠ సభల్లో పేదరికపు మాటపట్టు (పేదగా బతుకుతానన్న ప్రతిజ్ఞ) ఉంటుంది, ఏ దేశానికైనా పంపవచ్చు. మేత్రాసన గురువులకు ఆ మాటపట్టు లేదు, సాధారణంగా సొంత మేత్రాసనంలోనే పనిచేస్తారు. ఒక్కగానొక్క కొడుకు తల్లిదండ్రులకు ఈ తేడా చిన్నది కాదు.

‘నిజమైన పిలుపేనా’ అని అడిగారు. అది మీరూ నేనూ ఇవాళ తేల్చగలిగేది కాదు. తేల్చడానికే అంత పొడవైన శిక్షణ పెట్టారు. తత్వశాస్త్రం, వేదాంతం (క్రైస్తవ దైవశాస్త్రం) కలిపి కనీసం ఆరేళ్ల చదువు. ముందు ఒక సన్నాహక సంవత్సరం, నడుమ విచారణల్లో పని కూడా కలుపుకుంటే ఎనిమిదేళ్లకు తక్కువ కాదు. హైదరాబాద్ రామంతాపూర్‌లోని ప్రాంతీయ సెమినరీ లాంటి చోట్ల గడిచే ఆ కాలమంతా పైవాళ్లు అతణ్ని పరీక్షిస్తారు, అతను తనను తాను పరీక్షించుకుంటాడు. మేత్రాసనం కోసం చదివేవాళ్లకు బ్రహ్మచర్య బాధ్యత, గురుపట్టానికి ముందు మెట్టయిన డీకను పట్టాతోనే వస్తుంది. అప్పటిదాకా ఒక్క మాట చెప్పి ఇంటికి రావచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

రాకుండా ఆపేది ఊరు. అసలు చిక్కు ఇక్కడే అని నా అభిప్రాయం. మన పల్లెల్లో ‘సెమినరీ నుంచి వచ్చేశాడట’ అనే మాట పోలీసు కేసు కంటే గట్టిగా అంటుకుంటుంది. పెళ్లి సంబంధాల దగ్గర గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ సిగ్గుకు భయపడి, మనసు లేకపోయినా అక్కడే ఉండిపోయి పట్టా పుచ్చుకునేవాళ్లు లేకపోలేదు. వాళ్లూ సుఖపడరు, వాళ్ల విచారణా సుఖపడదు. అందుకని వెళ్లేరోజు ఫ్లెక్సీ కట్టకండి. ఊరంతటికీ భోజనాలు పెట్టకండి. మీ అత్తగారు అతణ్ని ‘కాబోయే ఫాదర్’ అని పిలవకుండా చూడండి. అతని గదిని చెల్లెలికి ఇచ్చేయకండి.

ఫ్రాన్సులో లూయీ మార్టిన్ అనే గడియారాల పనివాడు యవ్వనంలో మఠంలో చేరాలని వెళ్తే లాటిన్ రాదని తిప్పి పంపారు. లేసులు అల్లే జెలీ కూడా కన్యస్త్రీ కావాలనుకుంది, ఆమెనూ చేర్చుకోలేదు. 1858లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. పునీతురాలిగా కతోలికులు కొలిచే చిన్న తెరేజమ్మ వాళ్ల బిడ్డే. 2015లో ఆ దంపతులిద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. తిరిగొచ్చినవాడి గురించి ఊళ్లో ఎవరైనా ఏమైనా అంటే ఈ కథ వినిపించండి, మీ అత్తగారికైతే ఇప్పుడే వినిపించండి.

అడ్డుకుంటే పాపమా అన్నారు. ఆగమనడం, అప్పు తీర్చమనడం, అనుమానం వచ్చిన చోట నిలదీయడం అడ్డుకోవడం కాదమ్మా, తల్లిదండ్రుల పని. ఏడ్చి, ఉపవాసాలుండి, ‘నేను చచ్చిపోతాను’ అని మాట తీసుకోవడం మాత్రం వద్దు. అది కత్తి చూపించి మాట తీసుకోవడమే.

ఈ జవాబు మీవారికి చూపించండి. అబ్బాయిని పిలిచి బ్యాంకు అప్పు ఇంకా ఎంత ఉందో లెక్క చూడమనడంతో ఆయన్ను మాట కలపమనండి. పిలుపు గురించి తరవాత మాట్లాడుకోవచ్చు.