తాతయ్య చెప్పే ‘టీఎన్ గ్రూపు’ ఏది?

ప్రశ్న: మా తాతయ్య తనది ‘టీఎన్ గ్రూపు’ అంటాడు. నక్సలైట్లేనా అంటే ‘వాళ్లు వేరు, మేం వేరు’ అని కసురుకుంటాడు. ఏమిటా తేడా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ తాతయ్య కసురుకోవడంలో న్యాయం ఉందమ్మా. టీఎన్ అంటే తరిమెల నాగిరెడ్డి. మన సీమ మనిషే, అనంతపురం ఆయన. 1952లో జైల్లో ఉండగానే ఎన్నికల్లో సొంత బావ నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. ఈ ముక్క చెప్పకుండా మా తరం వాళ్లెవరూ ఆయన కథ మొదలుపెట్టరు.

గ్రూపు పుట్టింది 1968లో. ఆ జనవరిలో పాలకొల్లు ప్లీనంలో, అంటే పార్టీ ప్రత్యేక సమావేశంలో, సీపీఎం కేంద్ర నాయకత్వం ఇచ్చిన సిద్ధాంత ముసాయిదాను ఆంధ్ర ప్రతినిధుల్లో ఎక్కువమంది కాదన్నారు. ఏప్రిల్‌లో బెంగాల్‌లోని బర్ద్వాన్‌లో జరిగిన అఖిలభారత ప్లీనంలో ఆ ముసాయిదానే నెగ్గింది. దాంతో నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య బయటికొచ్చి, రాష్ట్రం వరకు విప్లవ కమ్యూనిస్టుల కమిటీ పెట్టుకున్నారు. నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ వాళ్ల అఖిలభారత కమిటీతో చేయి కలిపారు గానీ ఆ కాపురం ఏడాది కూడా నిలవలేదు. 1969 ఫిబ్రవరిలో వీళ్లను పక్కన పెట్టేశారు. ఏప్రిల్‌లో నక్సలైట్ల పార్టీ సీపీఐ (ఎంఎల్) పుట్టినప్పుడు వీళ్లు అందులో లేరు.

తగాదా ఎక్కడంటే, ఒక్కో భూస్వామిని చంపుకుంటూ పోతే విప్లవం రాదని వీళ్ల వాదన. ఆయుధం వద్దని కాదు. ముందు రైతులు, కూలీలు భూమి కోసం కదలాలి, ఆ పోరాటాన్ని కాపాడుకోవడానికి ఆయుధం రావాలి అనేవాళ్లు. ఎన్నికలను ఎప్పటికీ బహిష్కరించాల్సిందేనన్న మజుందార్ వాళ్ల మాట మీదా పేచీ ఉంది. తమాషా ఏమిటంటే, 1969 మార్చిలోనే నాగిరెడ్డి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశాడు. డిసెంబరులో మద్రాసులో అరెస్టయ్యాడు. కోర్టులో ఇచ్చిన వాంగ్మూలమే తర్వాత ‘తాకట్టులో భారతదేశం’ అయింది.

నేను ఎస్వీ యూనివర్సిటీలో చేరిన 1979లో ఆ పుస్తకం పాత క్యాలెండర్ కాగితం అట్టతో నా చేతికొచ్చింది. అట్ట మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ! లోపల విదేశీ పెట్టుబడి లెక్కల పక్కన ఎవరో పెన్సిల్‌తో కూడికలు వేసి సరిచూశారు. అప్పటికే 1971లో పుల్లారెడ్డి విడిపోయాడు, 1976 జులై 28న నాగిరెడ్డి అజ్ఞాతంలోనే పోయాడు, గ్రూపు మళ్లీ చీలింది. మా మెస్‌లో ఒకే పప్పు తింటూ ముగ్గురు మూడు బల్లల దగ్గర కూర్చునేవాళ్లు.

తాతయ్యను ఇంకొకటి అడుగు, డెబ్బై ఆరు తర్వాత ఎటు వెళ్లాడని. కసిరితే నా పేరు మాత్రం చెప్పకు.