పదకొండు స్క్రూలు, ఒక చక్రం

ట్రావెల్ ట్రైలర్‌కు (కారు వెనుక కట్టి లాక్కెళ్లే చక్రాల ఇంటికి) కొత్త టైర్లు వేయించుకుంటుంటే దుకాణంలో "దీనికి బ్యాలెన్సింగ్ ఎందుకండీ, లోపల ఎవరూ కూర్చోరు కదా" అన్నారని, ఆ మాట నమ్మవచ్చా అని అడిగారు. నమ్మకండి. నేను నమ్మి రెండేళ్లు తిప్పలు పడ్డాను. బ్యాలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్‌కు చిన్న తూకపు బిళ్లలు పెట్టడం.

లోపల మనిషి కూర్చోడు, నిజమే. కానీ అలమరలు, నీటి గొట్టాలు, గ్యాస్ పొయ్యి, వాటిని పట్టుకున్న వందలాది స్క్రూలు లోపలే ఉంటాయి కదా! కారు చక్రం అదిరితే స్టీరింగ్ మన చేతికి చెబుతుంది. ట్రైలర్ చక్రానికి ఆ నోరు లేదు. ముందు బండిలో మనం పాటలు వింటూ హాయిగా వెళ్తుంటాం, వెనుక ఇల్లు ఊడిపోతూ ఉంటుంది.

మా మొదటి దూరప్రయాణం సాయంత్రం ట్రైలర్ తలుపు తెరిస్తే అలమర తలుపు ఒక్క మడతబందు మీద వేలాడుతోంది. కంచాలు నేల మీద ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని స్క్రూలు ఏరాను. పదకొండు! పలుచని చెక్కకు స్క్రూలు బిగించి ఇల్లని అమ్మేవాళ్లను ఆ రాత్రంతా తిట్టుకున్నాను. (ఆ తిట్లను ఇప్పటికీ వెనక్కి తీసుకోను.) జిగురు పూసి మళ్లీ బిగించాను. రెండో ప్రయాణంలో ఎనిమిది ఊడాయి. వాటితో పాటు సింకు కింద గొట్టం అతుకు వదులై పరుపు తడిసింది.

మూడోసారి మా బావమరిది తన కారులో మా వెనుకే వస్తున్నాడు. ఫోను చేసి, "బావా, ఎడమవైపు వెనుక చక్రం గంతులు వేస్తోంది. ఎక్కడైనా ఆపండి" అన్నాడు. ఆపి, టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమిరాను. అలల్లా తగిలింది. అక్కడక్కడా గరిటెతో తోడినట్లు రబ్బరు అరిగిపోయి ఉంది. ఆ అరుగుదలను అంతకుముందే చూసి గాలి తక్కువైందేమో అనుకున్నాను. నా తెలివి అంత.

తర్వాత ఒక దుకాణంలో బ్యాలెన్స్ చేయించాను. బరువు తేడా సున్నా అని మిషన్ చూపించింది, డబ్బు ఇచ్చి వచ్చాను. గంతులు మాత్రం తగ్గలేదు. అప్పుడు లారీ టైర్లు చూసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన చక్రాన్ని మిషన్‌కు ఎక్కించి తిప్పి, వచ్చిన అంకె సుద్దతో టైరు మీద రాశారు. చక్రాన్ని వదులు చేసి సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పారు. ఈసారి వేరే అంకె! అదే చక్రం, అదే మిషన్. "నడిమి రంధ్రాన్ని నమ్ముకుంటే ఇంతేనండీ" అన్నారు.

సంగతి ఏమిటంటే, చాలా ట్రైలర్ చక్రాలు బండికి బోల్టులు, నట్ల ఆధారంగానే నడిమికి వస్తాయి. మధ్య రంధ్రం కేవలం హబ్ (ఇరుసు చివర చక్రం బిగించే భాగం) దూరడానికి ఉన్న దారి, దాని అంచు నున్నగా ఉండాలన్న నియమం లేదు. చక్రాన్ని పట్టుకునే మిషన్ కోన్‌ను (గరాటు ఆకారపు ముక్కను) ఆ రంధ్రంలో బిగిస్తే చక్రం ప్రతిసారీ కాస్త పక్కకు కూర్చుంటుంది. పెద్దాయన బోల్టు రంధ్రాల్లో దూరే కాళ్లున్న పలకతో చక్రాన్ని పట్టించారు. అప్పుడు బయటపడింది అసలు లెక్క: 90 గ్రాములు. కాబట్టి మీరు దుకాణంలో "బ్యాలెన్స్ చేస్తారా" అని అడగకండి, "బోల్టు రంధ్రాలతో పట్టించి చేస్తారా" అని అడగండి. తెల్లముఖం వేస్తే బయటికి వచ్చేయండి.

90 గ్రాములు ఏపాటి అనుకుంటారేమో. 15 అంగుళాల రిమ్ అంచున అంత బరువు తేడా ఉంటే, 90 కిలోమీటర్ల వేగంలో దాని లాగుడు 8 కిలోల పైచిలుకు ఉంటుంది. సెకనుకు 11 సార్లు పైకీ కిందికీ! వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగు రెట్లవుతుంది. పైగా చాలా ట్రైలర్లకు పట్టీల స్ప్రింగులే తప్ప షాక్ అబ్జార్బర్లు ఉండవు. ట్రైలర్లలో విరిగే సామానులో సగానికి చక్రాలే కారణమని నా గట్టి నమ్మకం. లెక్కలు చూపమంటే నా దగ్గర లేవు, స్క్రూల డబ్బా ఉంది.

అలాగని అన్నిటినీ బ్యాలెన్సింగ్ నెత్తిన రుద్దేవాళ్లంటే కూడా నాకు చిరాకు. ట్రైలర్ తోక అటూ ఇటూ ఊగుతుంటే అది బరువు సర్దడంలో తప్పు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడేలా సామాను సర్దుకోవాలి. ఇంకొకటి, చక్రాలు విప్పి బిగించాక మొదటి వంద కిలోమీటర్ల లోపే టార్క్ రెంచితో (ఎంత బిగువుగా ఉందో కొలిచే పానాతో) నట్లు మళ్లీ చూడాలి. గాలి తుపాకీతో టర్రుమని బిగించేసి "అయిపోయిందండీ" అనే కుర్రవాడి మాట మీద కుటుంబాన్ని ఎక్కించకండి. కొత్తవని అమ్మే టైర్ల వయసు కూడా చూడండి. టైరు పక్క గోడ మీద DOT (డాట్) అని మొదలయ్యే వరుస చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3219 అంటే 2019లో 32వ వారం. నాకు ఒకసారి మూడేళ్ల "కొత్త" టైరు అంటగట్టబోయారు. ఆ గొడవ ఇంకోసారి రాస్తాను.

నాలుగు చక్రాలతో పాటు స్పేర్ కూడా చేయించాను. ఆ తర్వాతి ప్రయాణంలో తలుపు తెరిచేసరికి నేల మీద ఒకే ఒక్క స్క్రూ ఉంది. అది ఎక్కడ నుంచి ఊడిందో ఇప్పటికీ వెతుకుతున్నాను.