నీలం పొగ కక్కే ట్రాక్టర్

ప్రశ్న: దమ్ము చేసేటప్పుడు మా పాత ట్రాక్టర్ నీలం పొగ కక్కుతోంది, ఆయిల్ తాగేస్తోంది. మెకానిక్ ఇంజన్ దించాలంటున్నాడు. నిజమేనా అన్నా?
– ఓ రైతు, మిర్యాలగూడ

జవాబు: తొందరపడకు తమ్ముడూ. ముందు ఎయిర్ క్లీనర్ కింది గిన్నె విప్పి చూడు, అందులో ఆయిల్ గీత దాటి పోసి ఉంటే ఇంజన్ దాన్నే పీల్చి కాలుస్తుంది, ఇంత చిన్నదానికే ఇంజన్ దించుకున్నవాళ్లను చూశాను. అది సరిగ్గానే ఉందా? పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి తగ్గిపోతే వాల్వ్ గైడ్ల (వాల్వులు ఆడే గొట్టాలు) మీద అనుమానం. బురదలో లోడు పడ్డప్పుడల్లా వస్తూ, బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరి బయటికొచ్చే గొట్టం) దగ్గర అరచెయ్యి పెడితే బుస్సుమని కొట్టి జిడ్డు అంటుకుంటే మాత్రం పిస్టన్ రింగులో, అవి రాసుకునే లైనర్లో అరిగినట్టే. అయినా కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చెక్ చేయించు: తక్కువ చూపిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోశాక రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే చాలావరకు వాల్వులు. డబ్బు మాట ఆ తర్వాతే.