హెచ్‌వీ (హై వోల్టేజ్) బ్రేకర్ మెయింటెనెన్స్‌కి ఒక్క టూలే కొనగలిగితే ఏది కొనాలి?

"132 కేవీ సబ్‌స్టేషన్‌లో కొత్తగా ఏఈగా చేరాను, ఎస్ఎఫ్6 బ్రేకర్ల మెయింటెనెన్స్‌కి టూల్స్ లిస్ట్ రాయమన్నారు, బడ్జెట్ తక్కువ, ఒక్కటే కొనాలంటే ఏది?" అని అడిగారు కదా. (బ్రేకర్ అంటే ఫాల్ట్ వస్తే లైన్ కరెంట్‌ని తెంపే పెద్ద స్విచ్, ఎస్ఎఫ్6 అంటే దాని లోపల ఆర్క్‌ని ఆర్పే గ్యాస్.) చాలామంది టైమింగ్ కిట్ (బ్రేకర్ ఎన్ని మిల్లీసెకన్లలో తెరుచుకుంటుందో కొలిచేది) అంటారు, కొందరు సీఆర్ఎం కిట్ (కాంటాక్ట్ రెసిస్టెన్స్ కొలిచేది) అంటారు. రెండూ కావాలి, కాదనను. కానీ అవి డివిజన్‌లో ఎక్కడో ఒకచోట ఉంటాయి, అడిగితే ఎప్పటికో వస్తాయి. మీ సబ్‌స్టేషన్‌లో మీ చేతి కింద ఉండాల్సింది మాత్రం చిన్న రేంజ్ డీసీ క్లాంప్ (వైరు విప్పకుండా చుట్టూ తగిలించి కరెంట్ కొలిచేది), దాని సిగ్నల్ గీసి పెట్టే రికార్డర్. ట్రిప్ కాయిల్ (లాచ్‌ని కొట్టి బ్రేకర్‌ని తెరిచే కాయిల్) కరెంట్ పట్టుకోవడానికి. పది ఆంపియర్ల రేంజ్‌ది తీసుకోండి, వందల ఆంపియర్ల క్లాంప్ పెడితే కాయిల్ తీసుకునే ఆ రెండు మూడు ఆంపియర్లు కనపడవు.

ఎందుకో చెప్తాను. ఒక 132 కేవీ ఫీడర్ బ్రేకర్, చలికాలమంతా ఒక్కసారి కూడా ఆపరేట్ అవ్వలేదు, ప్రీ మాన్సూన్ మెయింటెనెన్స్‌కి ఎల్‌సీ (లైన్ ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, లైన్ క్లియర్) తీసుకున్నాం. అందరూ చేసేది ఏంటంటే ఆపరేటర్ కంట్రోల్ రూమ్‌లో బ్రేకర్ ట్రిప్ చేస్తాడు, ఐసోలేటర్లు ఓపెన్ చేస్తారు, ఎర్త్ చేస్తారు, ఆ తర్వాత తాపీగా కిట్ తగిలించి టైమింగ్ తీస్తారు. కానీ అసలు పరీక్ష అప్పటికే అయిపోయింది! నెలల తరబడి కదలకుండా ఉన్న మెకానిజం మొదటిసారి కదిలింది ఆపరేటర్ ట్రిప్ ఇచ్చినప్పుడే కదా, రేపు లైన్ మీద పిడుగు పడితే బ్రేకర్ చేయాల్సిందీ ఆ మొదటి ట్రిప్పే కదా, దాన్ని ఎవరూ చూడరు, నాలుగైదుసార్లు ఆడించాక వచ్చిన మంచి రీడింగ్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది.

అందుకని ఆ రోజు నేను ముందే ప్యానెల్ దగ్గర ట్రిప్ కాయిల్ వైరుకి క్లాంప్ వేశాను, ఇంకో ఏసీ క్లాంప్ సీటీ (లైన్ కరెంట్‌ని తగ్గించి ప్యానెల్‌కి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ వైరుకి వేశాను. (వైరు చుట్టూ వేయడమే, సీటీ సర్క్యూట్ ఎక్కడా విప్పకూడదు, లోడ్ మీద సీటీ సెకండరీ ఓపెన్ అయితే ప్రాణాల మీదకొస్తుంది.) ఇప్పుడు ఇవ్వు అంటే ఆపరేటర్ టీఎన్‌సీ స్విచ్ (ట్రిప్-న్యూట్రల్-క్లోజ్, బ్రేకర్‌ని చేత్తో ఆపరేట్ చేసేది) తిప్పాడు. గ్రాఫ్ వచ్చింది.

ఆ గ్రాఫ్ చదవడం పెద్ద విద్యేం కాదు. కరెంట్ పైకి లేస్తుంది, మధ్యలో చిన్న గుంట పడుతుంది, అంటే కాయిల్ లోపలి ప్లంజర్ కదిలి లాచ్‌ని (స్ప్రింగ్‌ని ఆపి పట్టుకున్న కొక్కేన్ని) కొట్టిందన్నమాట. మళ్లీ లేచి కాసేపు నిలబడుతుంది. బ్రేకర్ కదిలి ఆక్జిలరీ కాంటాక్ట్ తెరుచుకోగానే టక్కున సున్నాకి పడిపోతుంది. మా బ్రేకర్‌కి గుంట పడాల్సిన చోటే పడింది, కాయిల్ బాగానే ఉంది. కానీ గుంట తర్వాత గీత అలా సాగుతూనే ఉంది. మొత్తం 35 మిల్లీసెకన్ల లోపు అవ్వాల్సింది 80 దాటింది, లైన్ కరెంట్ కూడా అంతే లేటుగా ఆగింది. తర్వాత ఎర్తింగ్ అదీ చేసుకుని మామూలు టైమింగ్ కిట్ పెట్టి వరుసగా ట్రిప్ చేస్తే 33, 31, 31. మూడు పోల్స్ (ఒక్కో ఫేజ్‌కి ఒకటి) మధ్య తేడా కూడా లిమిట్ లోపలే (ఓపెనింగ్‌కి 3.3 మిల్లీసెకన్లు దాటకూడదు).

అక్కడున్న సీనియర్ ఒకాయన "మొదటిది కిట్ తప్పు బాబూ, మిగతావి బాగున్నాయి కదా, అవి రాసేసి ఎల్‌సీ రిటర్న్ చేసేద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మా ఫోర్‌మ్యాన్‌ని మేమంతా బాబాయ్ అంటాం, ఆయన గ్రాఫ్ ఒకసారి చూసి "ఆగండి సార్, ఇది లాచ్ దగ్గర పట్టేస్తోంది" అన్నాడు. మోటార్ ఎంసీబీ ఆఫ్ చేసి, ట్రిప్-క్లోజ్-ట్రిప్ కొట్టి స్ప్రింగులు రెండూ ఖాళీ చేసి, డీసీ ఫ్యూజులు తీసి, అప్పుడు మెకానిజం బాక్సులో చెయ్యి పెట్టాం. ఈ వరుస ఎప్పుడూ తప్పకూడదు, ఛార్జ్ అయి ఉన్న స్ప్రింగ్ వేళ్లు తీసేస్తుంది. ట్రిప్ లాచ్ రోలర్ బేరింగ్‌లో గ్రీజు గట్టిపడి ముదురు పాకంలా పట్టేసింది, వేలితో రోలర్ తిప్పితే ఆగి ఆగి తిరుగుతోంది. పైన మాత్రం నూనె మెరుస్తోంది, ఎందుకంటే అంతకుముందు ఎవరో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వెళ్లారు.

ఈ స్ప్రే గురించి చెప్పకుండా ఉండలేను. అది గ్రీజు కాదు మహాప్రభో. ఉన్న కాస్త గ్రీజునీ కరిగించి కడిగేస్తుంది, ఆ పూట మెకానిజం బ్రహ్మాండంగా ఆడుతుంది, టైమింగ్ అదిరిపోతుంది, కొన్ని నెలలకి ఎండిపోయి ముందుకంటే ఘోరంగా పట్టేస్తుంది. బ్రేకర్ మాన్యువల్‌లో ఏ గ్రీజు రాశారో అదే తెప్పించండి, రెండు రకాల గ్రీజులు కలపకండి. మేము ఆ బేరింగ్ మార్చి, లాచ్ పాత గ్రీజు మొత్తం తుడిచి కొత్తది పెట్టాం. కొన్ని నెలలు కదలకుండా ఉన్నాక మళ్లీ మొదటి ట్రిప్ పట్టుకుంటే 32 వచ్చింది.

80 మిల్లీసెకన్లంటే ఏమైంది, ట్రిప్ అయ్యింది కదా అంటారు కొందరు. ఎల్‌బీబీ (ఒక బ్రేకర్ తెరుచుకోకపోతే దాని చుట్టూ ఉన్నవాటిని ట్రిప్ చేసే రక్షణ) టైమర్ సాధారణంగా 200 మిల్లీసెకన్ల దగ్గర పెడతారు. ఈ ఏడాది 80 అయినది పట్టించుకోకపోతే ఒకరోజు అది 200 దాటుతుంది, అప్పుడు ఒక్క ఫీడర్ ఫాల్ట్‌కి అదే బస్‌బార్ (ఫీడర్లన్నీ కలిసే కండక్టర్) మీదున్న బ్రేకర్లన్నీ ట్రిప్ అయిపోతాయి, ఊళ్లకి ఊళ్లు చీకట్లో ఉంటాయి. చాలాచోట్ల టీఎన్‌సీ నుంచి ట్రిప్ కాయిల్ 1కి మాత్రమే కమాండ్ వెళ్తుంది, కాయిల్ 2 పనిచేస్తుందో లేదో ఫాల్ట్ వచ్చేదాకా ఎవరికీ తెలీదు, కాబట్టి దాన్నీ విడిగా చూడండి. 70 శాతం వోల్టేజ్‌లో ట్రిప్ అవుతుందా అని కూడా చూడండి, 220 వోల్టుల డీసీ అయితే 154 దగ్గర ఖచ్చితంగా పడాలి. ఫాల్ట్ టైములో బ్యాటరీ వోల్టేజ్ నిండుగా ఉంటుందని నమ్మకం ఏంటి?

ఇంకో బాధ గ్యాస్ గురించి. లక్షలు పెట్టి కిట్లు కొంటారు, గ్యాస్ రికవరీ కార్ట్ అడిగితే డబ్బుల్లేవంటారు, పోల్ విప్పాలంటే ఎస్ఎఫ్6 గాల్లోకి వదిలేసేవాళ్లని చూశాను. అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 23,500 రెట్లు వేడి పెంచే గ్యాస్. పైగా ఆర్క్ అయిన గ్యాస్‌లో సల్ఫర్ డయాక్సైడ్, హెచ్ఎఫ్ లాంటివి ఉంటాయి, లోపల తెల్లటి పొడి ఉంటుంది, దాన్ని వట్టి చేతులతో తుడిచే కుర్రాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గ్లోవ్స్, మాస్క్ మీ లిస్టులో టూల్స్ కిందే రాయండి, సేఫ్టీ అని వేరే కాగితం మీద రాస్తే అది ఎప్పటికీ శాంక్షన్ అవ్వదు.

మిగతా లిస్ట్: మంచి టార్క్ రెంచ్, అలెన్ కీ సెట్, ఫీలర్ గేజ్, లీక్ డిటెక్టర్, మీ బ్రేకర్‌కి సరిపోయే గ్యాస్ ఫిల్లింగ్ కప్లింగ్, స్ప్రింగ్ ఛార్జ్ చేసే హ్యాండిల్ (ఇది ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ మాయమవుతుంది, బాక్సుకి చెయిన్ వేసి కట్టేయండి). సీఆర్ఎం కిట్ వచ్చిన రోజు 100 ఆంపియర్లు పంపి చూడండి, పొటెన్షియల్ క్లిప్పులు మాత్రం కరెంట్ క్లాంపులకి లోపలి వైపు, బ్రేకర్ టెర్మినల్ ప్యాడ్ మీదే పెట్టాలి. క్లాంప్ మీద పెడితే జాయింట్ రెసిస్టెన్స్ కూడా కలిసి 40 మైక్రో ఓమ్‌లు ఉన్న బ్రేకర్ 180 చూపిస్తుంది, అది చూసి బంగారం లాంటి పోల్ విప్పించేస్తారు.