డజనుకు పదమూడు ఎందుకు?

ప్రశ్న: ఇంగ్లిష్‌లో పదమూడుని ‘బేకర్స్ డజన్’ అంటారు కదా. రొట్టె తూకం తగ్గితే చెయ్యి నరికేవారని, ఆ భయంతోనే ఒకటి ఎక్కువ ఇచ్చేవారని ఎక్కడో చదివాను. నిజమేనా? పదమూడు అశుభం అన్న నమ్మకానికి దీంతో ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: చెయ్యి నరకడం సంగతి వదిలేయండి. భయం మాత్రం నిజమే. 13వ శతాబ్దంలో, మూడో హెన్రీ కాలంలో, ఇంగ్లండ్‌లో రొట్టెలకీ బీరుకీ కలిపి ఒక చట్టం ఉండేది. దాని పద్ధతి మనకి కొంచెం తిరకాసుగా అనిపిస్తుంది, ఎందుకంటే గోధుమల ధర పెరిగినప్పుడు రొట్టె ధర పెరిగేది కాదు, రొట్టె చిన్నదయ్యేది. పెన్నీ అంటే అప్పటి ఇంగ్లండ్ నాణెం. పెన్నీ రొట్టె ఎప్పుడూ పెన్నీయే, అది ఎంత బరువు ఉండాలన్నది మాత్రం గోధుమల ధరని బట్టి మారేది. అంతకంటే తగ్గితే జరిమానా, మరీ తగ్గితే మెడా చేతులూ కొయ్యల మధ్య బిగించి నలుగురిలో నిలబెట్టడం. లండన్‌లో ఇంకాస్త ఘోరం. 1419లో కూర్చిన నగర నిబంధనల పుస్తకం ప్రకారం, మొదటిసారి దొరికితే ఆ తక్కువ తూకం రొట్టెనే మెడకి కట్టి, జనం ఎక్కువగా ఉండే వీధుల్లోంచి తడిక మీద ఈడ్చుకుపోవాలి. మూడోసారి దొరికితే పొయ్యి పడగొట్టి, ఇక జన్మలో ఆ ఊళ్లో ఈ పని చెయ్యనని ఒట్టు వేయించాలి. చేత్తో పిసికిన పిండి, కాలేటప్పుడు ఆవిరైపోయే నీరు, తూకం అటూ ఇటూ కాకుండా ఎలా ఉంటుంది? టెన్షన్ ఉండదా మరి!

కానీ ఈ కథ ఒక్కటే చాలదని నాకనిపిస్తుంది. చట్టం ఒక్కో రొట్టెకీ తూకం పెట్టింది, అలాంటప్పుడు పన్నెండూ తేలిగ్గా ఉంటే పదమూడోది ఏం కాపాడుతుంది? ఇంకో కారణం మరింత గట్టిది. బేకర్ల దగ్గర రొట్టెలు కొని ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్లు ఉండేవారు, లండన్‌లో వాళ్లలో చాలామంది ఆడవాళ్లు. ధర చట్టంతో బిగిసిపోయింది కాబట్టి పెన్నీ రొట్టెని పెన్నీకే అమ్మాలి, పైన ఏమీ వేసుకోకూడదు, మరి ఇంత తిరిగినందుకు వాళ్లకి మిగిలేదేంటి? అందుకే బేకరు పన్నెండింటి డబ్బుకి పదమూడు ఇచ్చేవాడు. ఆ కొసరు రొట్టే వాళ్ల లాభం, పన్నెండుకి ఒకటి. ఈ ఆనవాయితీ నగర నిబంధనల్లోనే ఉంది.

పళ్లెంలో నాలుగు, అయిదు, నాలుగుగా సర్దితే పదమూడు చక్కగా పడతాయి, అందుకే ఆ లెక్క వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. వినడానికి బాగుంది గానీ, పన్నెండింటి డబ్బే ఎందుకు తీసుకునేవారో దానివల్ల తెలియదు.

ఇక అశుభం మాటకొస్తే, దానికీ దీనికీ ముడిపెట్టక్కర్లేదు. ఇది అచ్చంగా వ్యాపారం లెక్క, పైగా రొట్టెలు మోసుకు తిరిగే ఆవిడకి ఆ పదమూడోదే కలిసొచ్చేది.