దొంగల చేతిలో ఏకే-47 ఉంటే మన పోలీసులు ఆపగలరా?

"అమలాపురంలో బ్యాంకు మీదకి అలాంటోళ్లు వస్తే?" అని అడిగారు. మొదటి పది నిమిషాలూ కష్టమేనండి. గేటు దగ్గర గార్డుగారి మోకాళ్ల మధ్య ఉండే డబుల్ బ్యారెల్ తుపాకీ చూడండి: రెండుసార్లు పేలిందా, విరిచి మళ్లీ తూటాలు పెట్టుకోవాలి. బీటు కానిస్టేబుల్‌కి ఎక్కువగా లాఠీయే.

అమెరికావాళ్లకీ ఈ గతి పట్టింది. 1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్‌లోని నార్త్ హాలీవుడ్‌లో ఇద్దరు దొంగలు ఒంటినిండా కవచాలు తొడుక్కుని బ్యాంకు మీద పడ్డారు. పోలీసుల పిస్తోలు గుళ్లు ఆ కవచం దాటలేదు. దొంగల రైఫిల్ తూటాలేమో కార్ల రేకుల్లోంచి దూసుకెళ్లాయి. ఆఖరికి పోలీసులు దగ్గర్లోని తుపాకుల కొట్టుకెళ్లి రైఫిళ్లు అడిగి తెచ్చుకున్నారు! 44 నిమిషాల తర్వాత చచ్చింది దొంగలిద్దరే. గస్తీ పోలీసులకి రైఫిళ్లివ్వడం ఆ దెబ్బతోనే ఊపందుకుంది.

మనకి కలిసొచ్చేది గోదారి. కోనసీమ చుట్టూ పాయలూ సముద్రమే కదా. ఎదురెళ్లి కాల్చుకోకుండా రావులపాలెం, చించినాడ, ఎదుర్లంక వంతెనలు మూసేసి, ఆక్టోపస్ (ఉగ్రవాదుల్ని ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం) లాంటి బలగం వచ్చేదాకా కాపు కాయడమే తెలివైన పని. రేవుల్లో పంటులు (జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవలు) కూడా ఆపించాలి, అది మర్చిపోతారు.